గెలిచిన నాయకుణ్ణి ఒప్పుకోవాలా, ఎదిరించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. మీ దేశంలో జాతీయ ఎన్నికలు ముగిశాయి. ప్రచారం పొడవునా జనాన్ని రెండు వర్గాలుగా చీల్చిన నాయకుడు గెలిచాడు. మీరు ఆయనకు ఓటు వేయలేదు. ఇంట్లోవాళ్లు "ప్రజలు తీర్పు ఇచ్చేశారు, ఇక ఒప్పుకో" అంటున్నారు. మిత్రులేమో "ఒప్పుకుంటే లొంగిపోయినట్టే, మొదటి రోజు నుంచే అడ్డుకోవాలి" అంటున్నారు. వచ్చే వారం ప్రమాణ స్వీకారాన్ని మీ కార్యాలయంలో అందరూ కలిసి టీవీలో చూడబోతున్నారు. అక్కడికి వెళ్లాలా మానాలా అన్నది కూడా మీరు తేల్చుకోలేకపోతున్నారు. దేశం పేరు మీరు చెప్పలేదు, నేనూ అడగను. ఎన్నికలు జరిగే ఏ దేశంలోనైనా నా జవాబు ఒకటే.

ఫలితాన్ని ఒప్పుకోండి. ఆయన చేసే పనులను ఒక్కొక్కటిగా చూసి, తప్పైన పనిని గట్టిగా ఎదిరించండి. ఆయనను మళ్లీ ఓటుతో దించే దారినే మూసే ప్రయత్నం మొదలైతే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, అంతవరకు మీకు గిట్టని పార్టీలవారితో కలిసి అయినా నిలబడండి.

నేను ముప్పయ్యేళ్లు రాజనీతి శాస్త్రం బోధించాను. అందులో ఇరవై ఏళ్లకు పైగా ఒక చిన్న పౌరహక్కుల బృందంతో కలిసి వినతిపత్రాలు, అభ్యంతరపత్రాలు, వ్యాజ్యాలకు కావలసిన ఆధారాలు తయారు చేస్తూ వచ్చాను. నేను ఓటు వేసిన ప్రభుత్వాల మీదా, వేయని ప్రభుత్వాల మీదా ఈ పని చేశాను. ఇక్కడ చెప్పేది ఆ అనుభవంలోంచి వస్తున్నదే.

ముందు ఒక మాట దగ్గర ఆగుదాం. మీ ఇంట్లోవాళ్లకూ మీ మిత్రులకూ మధ్య జరుగుతున్న తగాదాలో సగం "ఒప్పుకోవడం" అన్న ఒక్క మాటలోనే ఉందని నాకు అనిపిస్తోంది. మనం "తప్పు ఒప్పుకున్నాడు" అంటాం, "పెళ్లికి ఒప్పుకుంది" అని కూడా అంటాం. మొదటిదాంట్లో జరిగిన సంగతిని జరిగిందని చెప్పడమే ఉంది, అందులో ఇష్టానికి చోటు లేదు. రెండోదాంట్లో ఇష్టం ఉంది, ముందుకు సాగడానికి అనుమతి ఉంది. మీ ఇంట్లోవాళ్లు మొదటి అర్థంలో ఒప్పుకోమని మొదలుపెట్టి, తెలియకుండానే రెండో అర్థంలోకి జారిపోతున్నారు. మీ మిత్రులు రెండో అర్థానికి భయపడి మొదటిదాన్ని కూడా నిరాకరిస్తున్నారు. ఎన్నికలో ఓడిన పక్షం ఒప్పుకోవలసింది మొదటి అర్థంలోనే. ఆయన గెలిచాడు, ఆ పదవి ఇప్పుడు ఆయనది, చట్టం ఇచ్చిన అధికారాలు చట్టం పెట్టిన హద్దుల్లో ఆయనవి. దీన్ని ఒప్పుకున్నంత మాత్రాన ఆయన చెప్పినదానికల్లా మీరు తల ఊపినట్టు కాదు.

ఈ తేడాను నేను తరగతిలో చెప్పవలసి వచ్చినప్పుడల్లా అల్ గోర్ ఉదాహరణ చెప్పేవాణ్ణి. 2000లో అమెరికా అధ్యక్ష ఎన్నికలో ఆయనకు దేశం మొత్తం మీద ప్రత్యర్థి జార్జ్ బుష్ కంటే ఐదు లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. అయినా అక్కడ గెలుపు రాష్ట్రాలవారీ లెక్కతో తేలుతుంది కాబట్టి, ఫ్లోరిడా రాష్ట్ర ఓట్ల తిరిగి లెక్కింపును డిసెంబరు 12 తీర్పుతో సుప్రీంకోర్టు ముగించడంతో పదవి బుష్‌కు దక్కింది. మరునాడు గోర్ దేశం ముందుకు వచ్చి, కోర్టు నిర్ణయంతో తాను గట్టిగా విభేదిస్తున్నాననీ, అయినా దాన్ని అంగీకరిస్తున్నాననీ ఒకే వాక్యంలో చెప్పాడు. అప్పటికి ఆయన ఉపాధ్యక్షుడు కాబట్టి, 2001 జనవరి 6న ఉభయసభల ముందు ఓట్లు లెక్కించి తన ఓటమిని ప్రకటించే సమావేశానికి అధ్యక్షత కూడా ఆయనే వహించవలసి వచ్చింది. వహించాడు. ఆ తర్వాత బుష్ ఇరాక్ మీద యుద్ధానికి సిద్ధమవుతున్నప్పుడు 2002లోనే బహిరంగంగా వ్యతిరేకించాడు. ఆయన ఫలితాన్ని ఒప్పుకున్నాడు, యుద్ధాన్ని ఒప్పుకోలేదు. మీరు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే సూటి ఉదాహరణ నాకు దొరకలేదు.

ఫలితాన్ని ఎందుకు ఒప్పుకోవాలన్నది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ మిత్రులు పట్టుబడుతున్నది ఇక్కడే. ఎన్నికల వ్యవస్థను నిలబెట్టేది గెలిచినవాడు కాదు, ఓడినవాడు. గెలిచినవాడు ఎక్కడైనా ఎప్పుడైనా ఫలితాన్ని సంతోషంగానే ఒప్పుకుంటాడు. ఓడినవాడు ఇల్లు ఖాళీ చేసి, ఐదేళ్ల తర్వాత మళ్లీ వస్తానని వెళ్లగలగడం వల్లనే రక్తం చిందకుండా ప్రభుత్వాలు మారతాయి. 1801లో అమెరికా అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ తన ప్రత్యర్థి థామస్ జెఫర్సన్‌కు పదవి అప్పగించినప్పుడు ఆ కొత్త దేశంలో ఒక పార్టీ చేతి నుంచి మరో పార్టీ చేతికి అధికారం మారడం అదే మొదటిసారి. ఆడమ్స్ ప్రమాణ స్వీకారానికి కూడా ఉండకుండా తెల్లవారకముందే రాజధాని విడిచి వెళ్లిపోయాడు. ఆయనకు మనసు ఒప్పలేదు. కానీ వెళ్లిపోయాడు, అధికారం మారింది. ఒప్పుకోవడానికి చిరునవ్వు అక్కర లేదని విద్యార్థులకు నేను చెప్పేది అందుకే.

ఒప్పుకోకపోతే ఏమవుతుందో కూడా చూడండి. వెనిజువేలాలో ఊగో చావెస్ 1998 డిసెంబరులో అధ్యక్ష ఎన్నికలో గెలిచే వచ్చాడు. 2002 ఏప్రిల్‌లో ఆయన వ్యతిరేకులు సైన్యంలో ఒక వర్గం సాయంతో ఆయనను పదవి నుంచి తప్పించారు. రెండు రోజులు తిరగకుండానే ఆయన తిరిగి వచ్చాడు, ముందుకంటే బలంగా వచ్చాడు, తనను వ్యతిరేకించే ప్రతివాడూ కుట్రదారే అని చెప్పుకునే అవకాశం ఆయనకు దొరికింది. 2005 డిసెంబరులో జాతీయ శాసనసభ ఎన్నికలను ప్రధాన ప్రతిపక్ష పార్టీలు బహిష్కరించాయి. ఫలితంగా 167 స్థానాలూ చావెస్ పక్షానికే వెళ్లాయి. సభలో ప్రశ్న అడిగే గొంతు ఒక్కటి కూడా లేకుండా పోయింది. 2007 జనవరిలో ఆ సభే ఆయనకు పద్దెనిమిది నెలలపాటు సొంత ఉత్తర్వులతో చట్టాలు చేసే అధికారం కట్టబెట్టింది. థాయిలాండ్‌లో 2014 ఫిబ్రవరి ఎన్నికను ప్రధాన ప్రతిపక్షం బహిష్కరించింది, వీధుల్లో పోలింగును అడ్డుకున్నారు, కోర్టు ఆ ఎన్నికను రద్దు చేసింది, మే 22న సైన్యం వచ్చి అందరినీ పక్కకు నెట్టింది. ఈ రెండు దేశాల్లోనూ ప్రతిపక్షం చెప్పిన ఫిర్యాదులు అబద్ధాలని నేను అనడం లేదు. వాటిలో నిజమైనవి చాలా ఉన్నాయి. కానీ ఆట బల్ల దగ్గర నుంచి లేచిపోయినవారికి ఆ తర్వాత అక్కడ ఏం జరుగుతోందో చూసే వీలు కూడా మిగలలేదు.

"మరి ఎన్నికే సరిగా జరగకపోతే?" అని మీరు అడగవచ్చు. అది వేరే ప్రశ్న, అడగదగిన ప్రశ్న. దానికి సమాధానం ఆధారంతో, గడువులోగా, కోర్టులో. మలావీలో 2019 మే ఎన్నికలో అధికారంలో ఉన్న అధ్యక్షుడు గెలిచినట్టు ప్రకటించారు. ఫలితాల పత్రాల మీద అంకెలను తెల్లని దిద్దుబాటు ద్రవంతో చెరిపి మళ్లీ రాసిన ఆనవాళ్లను ప్రతిపక్షం పట్టుకుంది. ఒక్కొక్క పత్రాన్ని కోర్టు ముందు పెట్టారు. నెలల తరబడి విచారణ జరిగింది, వీధుల్లో ప్రదర్శనలూ జరిగాయి. 2020 ఫిబ్రవరి 3న న్యాయమూర్తులు ఆ ఎన్నికను రద్దు చేశారు. జూన్‌లో మళ్లీ జరిగిన ఎన్నికలో ప్రతిపక్ష అభ్యర్థి లాజరస్ చక్వేరా గెలిచాడు. దీని పక్కన 2020 నవంబరు తర్వాత అమెరికాలో జరిగింది పెట్టి చూడండి. ఓడిన పక్షం తరఫున అరవైకి పైగా వ్యాజ్యాలు పడ్డాయి, దాదాపు అన్నీ వీగిపోయాయి. అక్కడితో ఒప్పుకోవలసింది పోయి, 2021 జనవరి 6న గుంపు చట్టసభ భవనంలోకి చొరబడింది. రెండేళ్ల తర్వాత 2023 జనవరి 8న బ్రెజిల్ రాజధానిలో ఓడిన నాయకుడి అభిమానులు అదే పని చేశారు. మీ దగ్గర చెరిపిన పత్రం ఉంటే కోర్టుకు వెళ్లండి. కేవలం నమ్మలేకపోవడం మాత్రమే ఉంటే అది ఆధారం కాదు.

ఇక్కడ మీ ఇంట్లోవాళ్లు చెప్పే "ప్రజల తీర్పు" అన్న మాటను కూడా కొలవాలి. ఒక దేశంలో 65 శాతం మంది ఓటు వేశారనుకుందాం, గెలిచిన నాయకుడికి పోలైన ఓట్లలో 45 శాతం వచ్చాయనుకుందాం. అంటే అర్హులైన ఓటర్లలో ఆయనను కోరుకున్నవారు 29 శాతం. నిబంధనల ప్రకారం ఆయన గెలుపు పూర్తి గెలుపే, అందులో సందేహం లేదు. కానీ మిగిలిన 71 శాతం నోరు మూసుకోవాలని ఆ నిబంధనల్లో ఎక్కడా లేదు. బ్రిటిష్ పార్లమెంటులో ప్రభుత్వాన్ని వ్యతిరేకించే పక్షాన్ని "రాజుగారి ప్రతిపక్షం" అని 1826లోనే పిలిచారు. 1937లో చట్టం చేసి ప్రతిపక్ష నాయకుడికి ప్రభుత్వ ఖజానా నుంచే జీతం ఇచ్చారు. భారత పార్లమెంటు కూడా 1977లో అలాంటి చట్టమే చేసింది. తనను వ్యతిరేకించేవాడికి రాజ్యమే జీతమిచ్చి కూర్చోబెడుతోందంటే, వ్యతిరేకత దేశద్రోహం కాదని, అది దేశానికి అవసరమైన ఉద్యోగమని ఆ చట్టాలు చెబుతున్నాయి. మీ ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

ఇక ఎదిరించడం సంగతి. నా అనుభవంలో మనుషులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

కొన్నేళ్ల క్రితం ఇటువంటి ఎన్నిక ఒకటి ముగిశాక, ఫలితాలు వచ్చిన నాలుగో వారంలో మా బృందం ఒక గదిలో సమావేశమైంది. పద్నాలుగు మందిమి ఉన్నాం. అందరిలోనూ కోపం, కొందరిలో భయం. ఒకామె బోర్డు దగ్గర నిలబడి, ఎవరికి ఏది తప్పనిపిస్తే అది చెప్పమంది. అరగంటలో ముప్పయ్యొక్క అంశాలు బోర్డెక్కాయి. అప్పుడు నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద మూడు నిలువు గడులు గీశాను: ఆయన చేసినవి, చేస్తానన్నవి, మనకు ఆయనలో నచ్చనివి. ఒక్కొక్క అంశాన్నీ గడిలోకి మార్చుతూ పోతే, నచ్చనివాటి కింద పంతొమ్మిది చేరాయి. ఆయన మాట తీరు, వేషం, పాత ఉపన్యాసాలు, అభిమానుల ప్రవర్తన. చేస్తానన్నవాటిలో ఎనిమిది. చేసినవాటి కింద నాలుగే మిగిలాయి. ఆ నాలుగింటిలో ఒకటి ముసాయిదా నిబంధన. సంఘాల నమోదును కష్టతరం చేసేది అది. దాని మీద ప్రజలు అభ్యంతరాలు తెలపడానికి ఇచ్చిన గడువులో ఇక పదకొండు రోజులే ఉన్నాయని ఆ గదిలో ఎవరికీ తెలియదు. అంతవరకు గడిచిన రోజులన్నీ మేము ఆయన ఉపన్యాసాల వీడియోలు ఒకరికొకరు పంపుకుంటూ గడిపాం.

ఆ పదకొండు రోజుల్లో నిబంధన నిబంధనకూ అభ్యంతరం రాసి పంపాం. ఏ వాక్యం ఏ చట్టానికి విరుద్ధమో, దానివల్ల ఎటువంటి సంఘం మూతపడుతుందో, దాని బదులు ఏ వాక్యం పెట్టాలో రాశాం. తుది నిబంధనల్లో మేము అడిగిన ఏడు మార్పుల్లో రెండు కనిపించాయి. రెండే కదా అని ఆ రోజు మాలో కొందరు నిరాశపడ్డారు. నాకు మాత్రం ఆ రెండింటివల్ల బతికిన చిన్న సంఘాలు గుర్తున్నాయి. అప్పటి నుంచి ఆ మూడు గడుల పద్ధతిని నేను వదల్లేదు. మొదటి గడిలో ఉన్నవాటికే మీ శక్తిలో ఎక్కువ భాగం వెచ్చించండి, రెండో గడి మీద కన్నేసి ఉంచండి, మూడో గడిని మీ దగ్గరే ఉంచుకోండి.

పనిని పట్టుకుని ఎదిరిస్తే ఏమవుతుందో చెప్పడానికి 2017 మంచి ఉదాహరణ. డొనాల్డ్ ట్రంప్ పదవి చేపట్టిన వారానికే, జనవరి 27న, ముస్లింలు అధికంగా ఉన్న ఏడు దేశాలవారి రాకను నిలిపివేస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. మరునాటికే న్యాయవాదులు విమానాశ్రయాల్లో నేల మీద కూర్చుని, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని, లోపల ఆపేసిన ప్రయాణికుల తరఫున పిటిషన్లు రాశారు. ఆ రాత్రే ఒక న్యాయమూర్తి ఆ ప్రయాణికులను వెనక్కి పంపకుండా ఆపింది. ఫిబ్రవరి 3న మరో న్యాయమూర్తి ఉత్తర్వు అమలునే దేశమంతటా నిలిపివేశాడు. ప్రభుత్వం దాన్ని రెండుసార్లు తిరగరాసుకోవలసి వచ్చింది. మూడో రూపాన్ని 2018 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4తో సమర్థించింది. దీన్ని దాచకుండా చెబుతున్నాను, ఎందుకంటే చట్టబద్ధంగా ఎదిరించినంత మాత్రాన ప్రతిసారీ గెలవం. కానీ మొదటి రోజున ఆగిపోయిన ఆ మనుషులు లోపలికి రాగలిగారు. తుది రూపం మొదటిదానంత విచ్చలవిడిగా లేదు. అదే ఏడాది జూలై 28న ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేసే ప్రయత్నం సెనేట్‌లో 49-51తో ఓడిపోయింది. ఓడించిన ఓట్లలో మూడు ట్రంప్ సొంత పార్టీ సభ్యులవి. నెలల తరబడి సాధారణ పౌరులు ఫోన్లు చేసి, సభలకు వెళ్లి, తమ వైద్యం ఖర్చుల గురించి చెప్పుకున్నది ఆ సభ్యులతోనే. "ఆయన మా అధ్యక్షుడు కాడు" అన్న నినాదంతో ఆ మూడు ఓట్లు వచ్చేవి కావు.

మనిషిని ఎదిరించడంలో ఉన్న చిక్కు అదే. ఆయన చుట్టూ మీరు ఎంత గట్టిగా తిరిగితే, దేశంలో మాట్లాడుకోవలసిన విషయమంతా ఆయనే అవుతాడు, ఆయనకు కావలసిందీ అదే. ఇటలీలో ప్రధానిగా చేసిన సిల్వియో బెర్లుస్కోనీ ప్రత్యర్థుల్లో ఆయన వ్యక్తిత్వాన్ని, కుంభకోణాలను తిట్టినవారు చాలామంది. ఆయనను ఎన్నికల్లో 1996లో ఒకసారి, 2006లో మరోసారి ఓడించిన రోమానో ప్రోదీ మాత్రం ఆయనను మామూలు రాజకీయ ప్రత్యర్థిగానే చూశాడు, పన్నుల గురించీ ఉద్యోగాల గురించీ మాట్లాడాడు. మీ దేశంలో గెలిచిన నాయకుడికి ఓటు వేసినవారిని అవమానించే మాట ఏదీ మీ నోట రానివ్వకండి. రేపు మీకు కావలసిన ఓట్లు అక్కడే ఉన్నాయి.

దీన్ని నేను నేర్చుకున్నది మా అన్నయ్య దగ్గర. ఆయన అటువంటి నాయకుడికే ఓటు వేశాడు. ఆ సంగతి తెలిసిన రోజున నేను చాలా మాటలు అన్నాను, ఆ తర్వాత రెండేళ్లు మా మధ్య పలకరింపులే తప్ప మాటల్లేవు. ఒకసారి ఆయన ఆసుపత్రిలో ఉంటే పక్కన కూర్చోవలసి వచ్చింది. ఏ పని చూసి ఆయనకు ఓటు వేశావని అప్పుడు మొదటిసారి అడిగాను. అంతవరకు నేను అడిగింది "ఎలా వేశావు" అనే. ఆయన మంచం పక్కనున్న బిల్లుల కట్ట చూపించి, "వీటి గురించి మాట్లాడినవాడు ఆయనొక్కడేరా" అన్నాడు. నాకు సమాధానం లేదు, ఎందుకంటే నేను ఓటు వేసిన పక్షం ఆ విషయం ఎత్తనే లేదు. మీ ఇంట్లోవాళ్లను కూడా ఇదే ప్రశ్న అడగండి, మధ్యలో అడ్డురాకుండా వినండి. ఆ నాయకుడు ఆ పని చేయకపోతే ఆరు నెలల తర్వాత మాట్లాడుకోవడానికి మీ ఇద్దరికీ ఉమ్మడి విషయం ఒకటి ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మినహాయింపు. ఇంతవరకు చెప్పినదంతా ఆయనను మళ్లీ ఓటుతో దించే వీలు ఉన్నంతవరకే. ఆ వీలు మీద చెయ్యి పడితే లెక్క మారిపోతుంది.

1933 జనవరి 30న జర్మనీలో హిట్లర్ ఛాన్సలర్, అంటే ప్రభుత్వాధినేత అయ్యాడు. అంతకుముందు నవంబరు ఎన్నికలో ఆయన పార్టీకి వచ్చినది 33 శాతం. ఆయనకు సొంతంగా మెజారిటీ లేదు, పదవిలో కూర్చోబెట్టినవారు ఆయనను అదుపులో ఉంచుతామనుకున్నారు. మార్చి 23న పార్లమెంటు అనుమతి లేకుండా చట్టాలు చేసే అధికారాన్ని కోరుతూ బిల్లు తెచ్చాడు. కమ్యూనిస్టు సభ్యులను సభలోకి రానివ్వలేదు, నాజీ దళాలు గోడల వెంట నిలబడి ఉన్నాయి. ఓటో వెల్స్ అనే సోషల్ డెమొక్రాట్ నాయకుడు లేచి ఆ బిల్లును వ్యతిరేకిస్తూ మాట్లాడాడు. 444 మంది అనుకూలంగా, 94 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆ 94 మందీ వెల్స్ పార్టీవారే. మధ్యేవాద పార్టీలు ఆ రోజు ఆయనతో నిలబడి ఉంటే మూడింట రెండు వంతుల మెజారిటీ వచ్చేది కాదు. ప్రతి దురుసు నాయకుణ్ణీ హిట్లర్ అనడం నాకు సమ్మతం కాదు. అలా అనేవారు అసలు ప్రమాదం వచ్చిన రోజున వాడడానికి మాట లేకుండా చేసుకుంటారు. కానీ ఆ మార్చి 23 ఎలా ఉంటుందో ప్రతి ఓటరూ గుర్తుపట్టగలగాలి. అది చాలాసార్లు సాధారణ బిల్లు రూపంలోనే వస్తుంది.

భారతదేశంలో 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటించిన తర్వాత ప్రతిపక్ష నాయకులను జైళ్లలో పెట్టారు, పత్రికల మీద సెన్సారు వచ్చింది, ఎన్నిక వాయిదా పడింది, 1976లో 42వ సవరణతో లోక్‌సభ కాలపరిమితిని ఐదేళ్ల నుంచి ఆరేళ్లకు పెంచారు. అప్పుడు జైళ్లలో సోషలిస్టులూ, జనసంఘ్‌వారూ, పాత కాంగ్రెస్‌వారూ ఒకే చోట ఉన్నారు. బయట ఒకరినొకరు సహించని ఆ పార్టీలు 1977 మార్చి ఎన్నికకు ఒక్కటై నిలిచి గెలిచాయి. ఇందిరా గాంధీ స్వయంగా రాయ్‌బరేలీలో ఓడిపోయి, పదవి దిగారు. 1978లో 44వ సవరణ ఐదేళ్ల కాలపరిమితిని తిరిగి తెచ్చింది. ఆ కూటమి ప్రభుత్వంగా ఎక్కువ కాలం నిలవలేదు, అది వేరే కథ. ఎన్నుకునే దారిని తిరిగి తెరవడం వరకు అది తన పని చేసింది.

కాబట్టి ఈ కొన్నిటిని ప్రత్యేకంగా కనిపెట్టి ఉండండి. పదవీకాలాన్ని పొడిగించే సవరణ, ఎన్నికల సంఘం సభ్యులను నియమించే పద్ధతిలో మార్పు, న్యాయమూర్తులను గడువుకు ముందే తప్పించే చట్టం, విలేకరుల అరెస్టులు, ప్రతిపక్ష అభ్యర్థులను పోటీ నుంచి తప్పించే కేసులు. పోలండ్‌లో 2015లో గెలిచిన పార్టీ ప్రభుత్వం సుప్రీంకోర్టు న్యాయమూర్తుల పదవీ విరమణ వయసును 70 నుంచి 65కు తగ్గించి, కూర్చుని ఉన్నవారిని ఇంటికి పంపబోయింది. అంతకుముందు 2017 జూలైలో న్యాయవ్యవస్థ బిల్లుల మీద జనం కొవ్వొత్తులతో కోర్టుల ముందు నిలబడితే, అదే పక్షం నుంచి వచ్చిన అధ్యక్షుడు మూడింటిలో రెండు బిల్లులను తిప్పి పంపాడు. వయసు తగ్గింపు చట్టం చెల్లదని ఐరోపా యూనియన్ న్యాయస్థానం 2019లో తీర్పు చెప్పింది. 2023 అక్టోబరు ఎన్నికలో ఓటర్లలో దాదాపు 74 శాతం మంది పోలింగుకు వచ్చారు, ఆ ప్రభుత్వం మారింది. ఎనిమిదేళ్లు పట్టింది. ఆ ఎనిమిదేళ్లూ అక్కడివారు ఎన్నికల నుంచి లేచిపోలేదు.

మీరు స్వయంగా ఆ నాయకుడు గురిపెట్టిన వర్గానికి చెందినవారైతే నా మాటల్లో ఒక మార్పు ఉంది. ఏ పని చేస్తాడో చూద్దామని ఓపిక పట్టే సౌకర్యం మీకు లేదు, పట్టమని చెప్పే హక్కు నాకు లేదు. ఎన్నికల ప్రచారంలో పుట్టిన ద్వేషం ఉత్తర్వుల కోసం ఆగదు, ఫలితాలు వచ్చిన రాత్రే వీధిలోకి వస్తుంది. మీ గుర్తింపు పత్రాల నకళ్లు నమ్మకమైన మరొకరి దగ్గర ఉంచండి, ఒక న్యాయవాది ఫోన్ నంబరు కాగితం మీద రాసుకోండి, బెదిరింపు ఏది వచ్చినా తేదీ, సమయం, చోటు రాసి పెట్టుకుని ఫిర్యాదు చేయండి. మీరు ఆ వర్గానికి చెందినవారు కాకపోతే, ఆ వర్గంవారి ఇంటికి ఈ వారంలోనే వెళ్లి రండి. కొత్త నాయకుణ్ణి ఎదిరించే పనుల్లో నేను దీన్ని అన్నిటికంటే ముందు పెడతాను.

ప్రభుత్వ ఉద్యోగులు కూడా ఇది చదువుతూ ఉండవచ్చు. రాజీనామా చేయాలా అని నన్ను చాలామంది అడిగారు. ముందే చేయకండి అన్నదే నా సలహా. మీరు ఖాళీ చేసిన కుర్చీలో మీ అంత జంకు లేనివాడు కూర్చుంటాడు. చట్టబద్ధమైన ఆదేశం మీకు నచ్చకపోయినా పాటించండి, మీ అభిప్రాయాన్ని ఫైలు మీద రాయండి. చట్టవిరుద్ధమని తోస్తే లిఖితపూర్వక ఆదేశం కోరండి. నాకు తెలిసిన ఒక అధికారిణికి ఒక జాబితా తయారు చేయమని పైనుంచి ఫోన్ వచ్చింది. కొందరు పౌరుల పేర్లు, వారు హాజరైన సభలు. ఆమె "తప్పకుండా చేస్తానండీ, ఏ నిబంధన కింద చేయాలో రాసి పంపండి" అంది. రెండోసారి ఫోన్ వచ్చింది, ఆమె అదే మాట చెప్పింది. ఆ కాగితం రాలేదు, ఆ జాబితా తయారు కాలేదు. అందరికీ అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. బదిలీలు, వేధింపులు ఎదురైనవారినీ చూశాను. కానీ నోటిమాటను కాగితం మీద పెట్టమనగానే వెనక్కి తగ్గే ఆదేశాలు నేను లెక్కపెట్టుకోలేనన్ని చూశాను.

మరి ఆ నాయకుడు మంచి పని చేస్తే? చేస్తాడు, ఏదో ఒకటి తప్పక చేస్తాడు. అప్పుడు మంచిదని బయటికే చెప్పండి. మీ మిత్రులకు ఇది అన్నిటికంటే కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ మంచిని మంచి అన్నవాడి మాటకే చెడును చెడు అన్నప్పుడు విలువ ఉంటుంది. రాజకీయాల్లో భక్తి నియంతృత్వానికి దారి తీస్తుందని 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో అంబేద్కర్ హెచ్చరించారు. ఆ హెచ్చరిక గెలిచిన నాయకుడి అభిమానులకు ఎంత వర్తిస్తుందో, ద్వేషాన్నే భక్తిగా మార్చుకున్న మనకూ అంతే వర్తిస్తుందని నేను అనుకుంటున్నాను.

ఇక మీరు చివర అడిగింది, ప్రమాణ స్వీకారం చూడడానికి వెళ్లాలా అని. వెళ్లండి. చప్పట్లు కొట్టనక్కర లేదు, మొహం తిప్పుకోనూ అక్కర లేదు. ఒక చిన్న పుస్తకం, కలం వెంట తీసుకువెళ్లండి. ఆయన చదివే ప్రమాణం మామూలుగా ఒక నిమిషం కూడా పట్టదు. మీ దేశ రాజ్యాంగంలోనో చట్టంలోనో ఆ పాఠం ముందే ఉంటుంది, ఆయన పలికేటప్పుడు ఒక్కొక్క మాటా సరిచూసుకుంటూ మొదటి పేజీలో రాసుకోండి. దేనికి విధేయుడినని చెప్పాడు, దేన్ని కాపాడతానన్నాడు, ఎవరిపట్ల భయం గానీ పక్షపాతం గానీ చూపనన్నాడు, అంతా. కింద తేదీ వేయండి. రెండో పేజీలో మూడు గడులు గీసి ఉంచండి.